ఆపగలిగినంతే వేగం

మన అసోసియేషన్ ఉగాది వేడుకలకి వచ్చినప్పుడు లోపల పులిహోర క్యూ ఎంత పొడుగుందో చూస్తాం గానీ, బయట పార్కింగ్ లాట్ వంక ఎప్పుడైనా తేరిపార చూశారా? పాతికేళ్ళ కిందట అక్కడ మూడే రకాల కార్లుండేవి. పెళ్ళికాని కుర్రాళ్ళ పాత కరోలాలు, కొత్తగా పెళ్ళయినవాళ్ళ క్యామ్రీలు, పిల్లలున్నవాళ్ళ వ్యాన్లు. ఆ వ్యాన్ల వెనక సీట్లలో కునికిపాట్లు పడుతూ డ్యాన్సు క్లాసులకీ, స్పెల్లింగ్ బీలకీ తిరిగిన పిల్లలే ఇవాళ సొంత కార్లలో వస్తున్నారు. లాట్ చివర నేలకి ఆనుకున్నట్టుండే చిన్న కార్లు, లావుపాటి టైర్లు, స్టార్ట్ చెయ్యగానే హాల్లో కూర్చున్న అమ్మమ్మగారు ఉలిక్కిపడేంత మోత. అవన్నీ మన పిల్లలవే.

అలాంటి కారు ఒకటి మా ఇంట్లోనూ ఉంది. దాని చుట్టూ మా ఇంట్లో ఓ ఏడాది నడిచిన రామాయణం, దానివల్ల నేను తెలుసుకున్న నాలుగు సంగతులు ఈ వ్యాసం. కార్ల పిచ్చి లేనివాళ్ళు కూడా పేజీ తిప్పెయ్యకండి. ఇందులో సగం సంగతులు మీ వ్యానుకీ వర్తిస్తాయి.

మా ఇంట్లో పేచీ

మా అబ్బాయి రట్గర్స్‌లో రెండో ఏడు చదువుతుండగా, వేసవి ఉద్యోగంలో దాచుకున్న డబ్బుతో 2001 నాటి మాజ్దా మియాటా ఒకటి కొన్నాడు. రెండే సీట్లు, గుడ్డ టాపు, 1.8 లీటర్ల ఇంజను, 140 పైచిలుకు హార్స్‌పవర్. బరువు వెయ్యి కిలోలకి కాస్త ఎక్కువ. ఈ మోడల్ 1989లో షికాగో ఆటో షోలో తొలిసారి జనానికి కనిపించింది. 2016 ఏప్రిల్‌కి పది లక్షల కార్లు తయారయ్యాయి. ప్రపంచంలో ఇంతగా అమ్ముడుపోయిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఇంకొకటి లేదు. చవక, తేలిక, పానా పట్టుకోవడం వచ్చినవాడెవడైనా ఇంట్లోనే రిపేరు చేసుకోవచ్చు. అంతవరకు బాగానే ఉంది.

నాలుగు నెలలు తిరక్కుండానే వచ్చి, "నాన్నా, దీనికి టర్బో పెడదామనుకుంటున్నా. నాలుగు వేల డాలర్లు దాచాను. గరాజ్‌లో మనమే బిగించుకోవచ్చు. నువ్వు మెకానికల్ ఇంజనీరువేగా!" అన్నాడు.

ఇంజనీరునే, కాదనను. కాకినాడలో మెకానికల్ డిగ్రీ పుచ్చుకుని, ఇక్కడికొచ్చి ముప్ఫై ఏళ్ళుగా డేటాబేసులకి సేవ చేసుకుంటున్న ఇంజనీరుని. అయినా గ్రీజు వాసన మర్చిపోలేదు. మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో లారీల బ్రేకులు బాగుచేసే షెడ్డు ఉండేది. సెలవులకి వెళితే రోజంతా అక్కడే కాలక్షేపం. ఇంజను పని చేసేవాళ్ళకి పేరెక్కువ, బ్రేకుల పని చేసేవాళ్ళని ఎవరూ పట్టించుకోరు. ఎవరైనా ఆ మాటంటే బాబాయి నవ్వి, "బండి కదలకపోతే నష్టం ఓనరుకి. బండి ఆగకపోతే నష్టం ఊరికి" అనేవాడు.

మా మాటలు వంటింట్లోంచి వింటున్న మా ఆవిడ ఇవతలికొచ్చి, "టర్బో లేదు, గిర్బో లేదు. ముందా కారు అమ్మేయించండి" అంది. ఆవిడ కోపానికి కారణం ఉంది. ఆ ఏడాదే మాకు తెలిసిన ఒక కుటుంబం, అర్ధరాత్రి హైవే మీద పెట్టుకున్న పందెంలో పంతొమ్మిదేళ్ళ కొడుకుని పోగొట్టుకుంది. ఇద్దరం వెళ్ళి ఆ ఇంట్లో కాసేపు కూర్చుని వచ్చాం. ఏం మాట్లాడాలో తెలియలేదు. తిరిగొచ్చేటప్పుడు కార్లో కూడా మాట్లాడుకోలేదు.

అమ్మేయించడం తేలికే. కానీ వాడి కారు అమ్మేస్తే, వాడు స్నేహితుడి కారెక్కుతాడు. అప్పుడా కారు బ్రేకులు ఎలా ఉన్నాయో, స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందో నాకు తెలియదు. అందుకని వాడితో మూడు షరతుల మీద ఒప్పందం చేసుకున్నాను. ఒకటి, వేగంగా నడపాలనిపిస్తే ట్రాక్ మీదే. రోడ్డు మీద కాదు. రెండు, మొదటి ఏడాది ఇంజను పవర్ పెంచడానికి ఒక్క డాలరు కూడా పెట్టకూడదు. మూడు, కారుకి చేసే ప్రతి పనీ ఇద్దరం కలిసే చెయ్యాలి. మా ఆవిడ నాలుగోది కలిపింది: రాత్రి పదకొండు దాటాక ఆ కారు గరాజ్‌లోంచి కదలకూడదు. కలిపి ఊరుకోలేదు. "ట్రాక్ మీద వేగం రుచి మరిగినవాడు రోడ్డు మీద ఊరుకుంటాడా?" అనడిగింది. దానికి నా దగ్గర అప్పుడు జవాబు లేదు.

రోడ్డు వేరు, ట్రాక్ వేరు

నయాగరా చూడ్డానికి వెళ్తూ మనవాళ్ళు చాలామంది వాట్కిన్స్ గ్లెన్‌లో ఆగి, జలపాతాల పక్కన ఫోటోలు దిగుతుంటారు. ఆ ఊరికి కార్ల ప్రపంచంలో ఇంకో పేరుంది. 1948లో అక్కడ ఊరి రోడ్ల మీదే కార్ల రేసు మొదలుపెట్టారు. 6.6 మైళ్ళ చుట్టు. ఊరి నడిబజారు కూడా అందులో భాగమే. జనం రోడ్డు అంచున నిలబడి చూసేవాళ్ళు. 1952లో ఒక కారు జనంలోకి దూసుకుపోయింది. ఏడేళ్ళ బాలుడు చనిపోయాడు, మరికొంతమంది గాయపడ్డారు. దాంతో రేసు ఊళ్ళోంచి బయటికి తరలిపోయింది. 1956కల్లా రేసుల కోసమే ప్రత్యేకంగా ట్రాక్ కట్టుకున్నారు. 1961 నుంచి 1980 దాకా అమెరికా ఫార్ములా వన్ రేసు జరిగింది ఆ ట్రాక్ మీదే.

మన హైదరాబాదులోనూ 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది. అది రోజూ జనం తిరిగే రోడ్డే. కానీ రేసు కోసం ట్రాఫిక్ ఆపేసి, రెండు వైపులా కాంక్రీటు గోడలు, వాటి మీద కంచెలు పెట్టి, ఆ రోడ్డుని కొన్నాళ్ళపాటు ట్రాక్‌గా మార్చాకే కార్లని వదిలారు.

ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకి వెళ్తారు. ఎదురొచ్చే బండి ఉండదు, సైకిల్ మీద వెళ్ళే పిల్లాడుండడు, కుక్క అడ్డం రాదు. కారు అదుపు తప్పినా గుద్దుకోవడానికి చెట్టూ, కరెంటు స్తంభం ఉండకుండా ఖాళీ జాగా వదులుతారు. మలుపు మలుపుకీ జెండాలతో మనుషులుంటారు, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. ఇవన్నీ ఉన్నాక కూడా హెల్మెట్ లేకుండా ఎవర్నీ లోపలికి రానివ్వరు. మరి ఇవేవీ లేని హైవే మీద అదే వేగంతో వెళ్ళడం ధైర్యం ఎలా అవుతుంది?

ముందు ఉన్నది బాగుచెయ్యాలి

కొత్త సామాను కొనే ముందు ఉన్న కారు ఆరోగ్యం చూద్దామని మొదటి శనివారం పని మొదలుపెట్టాం. అప్పటికి కారు 96,000 మైళ్ళు తిరిగింది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితాల్లో ఎక్కడా లేదు. చరిత్ర తెలియని బెల్టుని పాతదనే అనుకోవాలి. బెల్టూ, దాని వెనకే ఉండే వాటర్ పంపూ కలిపి మార్చేశాం. రేడియేటర్ పైభాగంలో ఉండే ప్లాస్టిక్ ట్యాంకు కొత్తలో నల్లగా ఉంటుంది. పెళుసెక్కే కొద్దీ ముదురు ఆకుపచ్చ, గోధుమ రంగుల్లోకి తిరుగుతుంది. మాది అచ్చం గోంగూర పచ్చడి రంగులో ఉంది. మార్చేశాం.

ఇంజన్ ఆయిల్ సంగతి కూడా చెప్పాలి. రోడ్డు మీద ఆయిల్ కాస్త తగ్గినా చాలా రోజులు ఏమీ తెలియదు. ట్రాక్ మీద పొడవైన మలుపులో ఆయిలంతా ఒక పక్కకి ఒరుగుతుంది. ఆయిల్ పీల్చుకునే గొట్టం నోటికి ఆ క్షణంలో గాలి అందితే బేరింగులు అరిగిపోతాయి. అందుకని ట్రాక్ రోజున కారు దిగినప్పుడల్లా డిప్‌స్టిక్ తీసి చూడాలి. గీత దాటి పొయ్యకూడదు, గీత కింద ఉండనివ్వకూడదు.

తర్వాత చక్రాలు. నాలుగు చక్రాలనీ జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూశాం. ఊగితే బేరింగో, బాల్ జాయింటో అరిగిందన్నమాట. చక్రాల నట్లు విప్పబోతే రెండు కదల్లేదు. అంతకుముందు ఏదో టైర్ల షాపులో గాలి తుపాకీతో ఇష్టమొచ్చినట్టు బిగించి పంపారట. అలా బిగిస్తే బోల్టు లోలోపలే సాగిపోయి, ఏదో ఒకరోజు తెగిపోతుంది. నట్టుని ఎంత బిగువుగా బిగించాలో ఓనర్స్ మాన్యువల్‌లో అంకె ఉంటుంది. ఆ అంకె దగ్గర టక్కుమని చెప్పే టార్క్ రెంచి ఒకటి కొన్నాం. మా కారుకి వచ్చిన మొదటి "అప్‌గ్రేడ్" అదే.

ఈ పనులకి నాలుగు శనివారాలు పట్టింది. టర్బో మాట ఎత్తకపోయినా, మా వాడి మొహంలో అసహనం కనిపిస్తూనే ఉంది. కానీ ఆ నాలుగు శనివారాల్లో వాడు నాతో మాట్లాడినన్ని మాటలు అంతకుముందు నాలుగేళ్ళలో మాట్లాడలేదు. అదీ తెలుగులో. కారు కింద పడుకుని "ఆ పదమూడో నంబరు పానా అందుకో" అంటే ఏమిటో వాడికిప్పుడు తెలుసు.

ఒక్కసారి ఆపితే రెండున్నర లీటర్ల నీళ్ళు మరుగుతాయి

పిల్లలూ, మీ రెండు అరచేతులూ గట్టిగా అదిమి పది సెకన్లు రుద్దండి. వేడెక్కాయా? కారు బ్రేకు చేసే పని ఇదే. కదిలే కారులో ఉన్న శక్తినంతా రాపిడితో వేడిగా మార్చి గాల్లోకి వదిలేస్తుంది.

ఆ వేడి ఎంతో కాగితం మీద లెక్క కట్టాం. ఇద్దరు మనుషులతో కలిపి 1,200 కిలోల కారు. గంటకి 100 మైళ్ళ నుంచి 50 మైళ్ళకి తగ్గిస్తే, బ్రేకుల్లోకి పోయే వేడితో రెండున్నర లీటర్ల మంచినీళ్ళు మరిగించవచ్చు. మూడు నాలుగు సెకన్లలో! వేగం సగమైతే శక్తి సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. అంటే ముప్పావు వంతు శక్తిని బ్రేకులే మింగాయన్నమాట. ఒక చుట్టులో ఇలా నాలుగైదు సార్లు, అలా ఇరవై నిమిషాలు. రోడ్డు మీద ఏ కారు బ్రేకులకీ ఇంత పని పడదు.

బ్రేకు పెడల్ తొక్కితే ఆ ఒత్తిడిని చక్రం దాకా మోసుకెళ్ళేది బ్రేక్ ఫ్లూయిడ్. దీనికో అవలక్షణం ఉంది. గాల్లోని తేమని కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది. నీరు చేరే కొద్దీ అది తక్కువ వేడికే మరుగుతుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని నియమం. నీరు చేరిన డాట్ 3కి ఆ హద్దు 140 డిగ్రీలే. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకని పెడల్ తొక్కితే మెత్తగా నేల దాకా పోతుంది, కారు మాత్రం ఆగదు.

మా కారులోంచి తీసిన ఫ్లూయిడ్ చిక్కటి డికాషన్ రంగులో ఉంది. కొత్తది లేత తేనె రంగు. ట్రాక్‌కి పనికొచ్చే, 300 డిగ్రీలు దాటినా మరగని డాట్ 4 రకం సీసా తెచ్చి పాతదంతా తీసి నింపాం. సీసా పాతిక డాలర్ల లోపే. వాడు పెడల్ తొక్కడం, నేను చక్రం దగ్గర నట్టు విప్పి గాలి బుడగలు వదలడం. "తొక్కు... పట్టుకో... వదులు" అని గంటసేపు మంత్రాలు చదివాం. సంపులో నీళ్ళ మోటారు పైపులోంచి గాలి తియ్యడం చూసినవాళ్ళకి ఈ పని కొత్తేం కాదు. ఒక జాగ్రత్త: డాట్ 5 పేరుతో దొరికేది సిలికాన్ రకం, దాన్ని వీటితో కలపకూడదు.

తర్వాత బ్రేక్ ప్యాడ్లు. ఇక్కడే రోడ్డుకీ ట్రాక్‌కీ తగువు. మామూలు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడే బాగా పట్టేస్తాయి, మితిమీరి వేడెక్కితే జారిపోతాయి. అచ్చంగా రేసుల కోసం చేసినవి వేడెక్కాకే పడతాయి. పొద్దున్నే చలిలో మన వీధి చివర స్టాప్ గుర్తు దగ్గర వాటిని నమ్మలేం. పైగా కీచుమని అరుస్తాయి. కాలేజీకీ ట్రాక్‌కీ ఒకటే కారు కాబట్టి మధ్యరకం ప్యాడ్లు వేశాం. వేశాక ఖాళీ రోడ్డు మీద, కంపెనీ చెప్పిన పద్ధతిలో నెమ్మదిగా వేడెక్కించి చల్లార్చితేగాని ప్యాడు రోటర్‌కి అలవాటు పడదు. కొత్త పెనాన్ని దోసెలకి అలవాటు చేసినట్టే.

అరచేయంత రబ్బరు

కారుకీ నేలకీ చుట్టరికం నాలుగు చోట్లే. ఒక్కో టైరు నేలని తాకే జాగా ఇంచుమించు మన అరచేయంత. కదలాలన్నా, తిరగాలన్నా, ఆగాలన్నా ఆ నాలుగు అరచేతులే దిక్కు. ఇంజను ఎంత గొప్పదైనా, టైరు పట్టు దాటి ఏదీ చెయ్యలేదు.

టైరు పక్కన డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే సంఖ్యలో చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. మా కారు టైర్లకి గాళ్ళు బాగానే ఉన్నాయి గానీ వయసు పదేళ్ళు దాటింది. రబ్బరు గట్టిపడి చెక్కలా ఉంది. టైరు మీదే ట్రెడ్‌వేర్ అని ఇంకో అంకె ఉంటుంది. అది పెరిగే కొద్దీ టైరు ఎక్కువకాలం మన్నుతుంది, సాధారణంగా పట్టు తగ్గుతుంది. ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళు చాలామంది 200 రకం వాడతారు. అవి వేసవి టైర్లు. చలి 45 ఫారెన్‌హీట్ కిందికి దిగితే వాటి రబ్బరు బిగుసుకుపోతుంది, మంచులో అసలు పనికిరావు. మా వాడు నవంబరు రాగానే మామూలు టైర్లకి మార్చేస్తాడు.

గాలి సంగతి కూడా లెక్కే. ప్రతి 10 ఫారెన్‌హీట్ డిగ్రీల వేడికీ టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పి.ఎస్.ఐ. పెరుగుతుంది. ట్రాక్ మీద నాలుగు చుట్లు తిరిగేసరికి ఐదారు పెరగడం మామూలే. అందుకని దిగగానే వేడి మీద కొలిచి, పెరిగినది కాస్త వదులుతారు. ఇంటికి బయల్దేరే ముందు మళ్ళీ రోడ్డుకి తగినంత నింపుకోవాలి. ఇది మరిచిపోయేవాళ్ళే ఎక్కువ.

చక్రాల అలైన్‌మెంట్‌లోనూ ఇదే తగువు. చక్రం పైభాగం కొంచెం లోపలికి వాలి ఉంటే మలుపులో టైరు నేలకి బాగా అతుక్కుంటుంది. మరీ వాలిస్తే తిన్నగా పోయే రోడ్డు మీద టైరు లోపలి అంచు ముందే అరిగిపోతుంది. మేం మధ్యస్థంగా పెట్టించాం. స్ప్రింగులు కోసి కారుని నేలకి దించడం మాత్రం వద్దన్నాను. అది చూడ్డానికి బాగుంటుందేమో గానీ, గుంట వస్తే చక్రం లేవడానికి చోటుండదు.

మిల్‌విల్‌లో ఒక రోజు

మా ఎడిసన్ నుంచి దక్షిణంగా వంద మైళ్ళ దూరంలో, మిల్‌విల్‌లో న్యూజెర్సీ మోటార్‌స్పోర్ట్స్ పార్క్ ఉంది. 2008లో తెరిచారు. అక్కడ రెండు ట్రాకులు: థండర్‌బోల్ట్ 2.25 మైళ్ళు, లైట్నింగ్ 1.9 మైళ్ళు. కార్ల క్లబ్బులు వాటిని అద్దెకి తీసుకుని, మామూలు మనుషులకి మామూలు కార్లలోనే వేగంగా నడపడం నేర్పుతాయి. ఇది రేసు కాదు. గెలుపూ ఓటమీ ఉండవు, గడియారం పెట్టి కొలవనివ్వరు.

గుడ్డ టాపు కార్లకి వెనక ఇనప రోల్ బార్ ఉండాలన్నారు. కారు తలకిందులైతే తలని కాపాడేది అదే. అది సరిపోతుందో లేదో చూసే పరీక్ష మా చిన్నమ్మాయికి తెగ నచ్చింది. చీపురు కర్రని రోల్ బార్ పైనుంచి ముందు అద్దం పై అంచు దాకా ఆనించి, డ్రైవర్ని హెల్మెట్‌తో కూర్చోబెడతారు. హెల్మెట్ ఆ కర్రకి తగలకూడదు. మా వాడు పొడగరి, సీటు అడుగున స్పాంజి కొంత తీయిస్తేగాని పాసవలేదు. హెల్మెట్ మీద కూడా ఎస్.ఎ. అనే స్నెల్ ముద్ర ఉండాలి. ఎం. ముద్ర ఉన్నవి మోటార్‌సైకిళ్ళవి. ఎస్.ఎ. రకానికి మంట తట్టుకునే పరీక్ష కూడా పెడతారు.

పొద్దున్న ఏడింటికి తనిఖీ. బ్యాటరీ కదలకుండా కట్టి ఉందా, బ్రేకు లైట్లు వెలుగుతున్నాయా, ఎక్కడైనా ఆయిల్ కారుతోందా, కార్లో వదులుగా వస్తువులేమైనా ఉన్నాయా అని చూశారు. మా ఆవిడ సీటు కింద పెట్టిన అరిసెల డబ్బా కూడా బయట పెట్టించారు. తర్వాత జెండాల పాఠం. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం, దాటెయ్యకూడదు. ఎరుపు అంటే అదుపుగా ఆగిపోవాలి. నల్ల జెండా మనకే చూపిస్తే, పిట్‌లోకి రమ్మని పిలుపు. నీలం మీద పసుపు పట్టీ ఉంటే వెనక నీకంటే వేగంగా వచ్చేవాడున్నాడు, దారివ్వు. గళ్ళ జెండా అంటే అయిపోయింది, నెమ్మదించు.

కొత్తవాళ్ళ పక్కన ఒక ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటారు. ముందున్నవాడు కిటికీలోంచి చెయ్యి చాపి దారి చూపిస్తేనే వెనకవాడు దాటాలి. మా వాడు మొదటి ఇరవై నిమిషాల్లో ఎంతమందికి చెయ్యి చాపాడో లెక్కే లేదు. రెండోసారికి తిన్నటి దారిలో పెద్ద కార్లు వెళ్ళిపోతున్నా, మలుపుల్లో మళ్ళీ వాటి వెనకే ఉంటున్నాడు. దిగగానే వాడన్న మొదటి మాట: "నాన్నా, ఆయన గ్యాస్ గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. ఎక్కడ చూడాలో, ఎప్పుడు బ్రేకు తొక్కాలో, అదే చెప్పాడు." కంటి ముందున్న రోడ్డుని కాదు, రాబోయే మలుపుని చూడమన్నాడట. చివరి చుట్టు బ్రేకులు వాడకుండా నెమ్మదిగా తిరిగొచ్చి, హ్యాండ్ బ్రేకు వెయ్యకుండా గేర్‌లో వదిలేశాడు. కాలిపోతున్న రోటర్ని ప్యాడ్లతో బిగించి పెట్టకూడదని అప్పటికే నేర్చుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో టర్న్‌పైక్ మీద కుడివైపు లేన్‌లో 65 దాటకుండా నడిపాడు. "అలిసిపోయావా?" అనడిగాను. "లేదు నాన్నా. ఇక్కడ ఎవరి చేతిలోనూ జెండాలు లేవు" అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట మా ఆవిడకి చెప్పాను. "ఒక్క రోజుతో నేను నమ్మను" అంది. ఇప్పటికీ వాడు బయటికెళితే వచ్చేదాకా హాల్లో లైటు ఆర్పదు. నేను ఆర్పమనను. నా అనుభవం ఒక్క ఇంటి అనుభవమే. ట్రాక్‌కి తీసుకెళితే ప్రతి పిల్లాడూ రోడ్డు మీద బుద్ధిమంతుడైపోతాడని ఎవరికీ హామీ ఇవ్వలేను. షరతులూ, పక్కన కూర్చునే పెద్దవాళ్ళూ లేకుండా ట్రాక్ ఒక్కటే ఆ పని చెయ్యదు.

మరి టర్బో సంగతి?

ఏడాది గడిచింది. దాచిన నాలుగు వేలల్లో టైర్లు, రోల్ బార్, హెల్మెట్, ప్యాడ్లు, ట్రాక్ ఫీజులు పోగా కొంతే మిగిలింది. షరతు గడువు తీరింది కాబట్టి టర్బో మాట మళ్ళీ వచ్చింది. ఈసారి కాగితం మీద లెక్కతో వచ్చింది. పవర్ పెరిగితే వేడి పెరుగుతుంది, పెద్ద రేడియేటర్ కావాలి. పాత క్లచ్ ఆ బలానికి జారుతుంది. పెట్రోలు, ఇగ్నిషన్ లెక్కలు తెలిసినవాళ్ళ చేత ట్యూన్ చేయించకపోతే పిస్టన్లు కరుగుతాయి. తిన్నటి దారి చివర ఇంకా ఎక్కువ వేగంతో చేరతాం కాబట్టి బ్రేకులు మళ్ళీ పెంచాలి. ఇవన్నీ వాడే రాసుకొచ్చాడు. రాసుకొచ్చి, "వచ్చే ఏడాది చూద్దాం" అని వాడే వాయిదా వేశాడు.

పవర్ పెంచాలనుకునే పిల్లల తల్లిదండ్రులకి ఇంకో మూడు మాటలు. ఒకటి, చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో ట్రాక్ మీద జరిగిన నష్టం ఇవ్వమని రాసి ఉంటుంది. ముందే చదువుకోండి, ఒక్కో ట్రాక్ రోజుకి విడిగా బీమా దొరుకుతుంది. రెండు, బయటి కంపెనీ సామాను వేసినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దయిపోదు. 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం వినియోగదారుడికి ఆ రక్షణ ఇచ్చింది. కానీ ఆ సామాను వల్లే పాడైందని తేలితే ఆ రిపేరు ఖర్చు మీదే. మూడు, మోత కోసమో పవర్ కోసమో క్యాటలిటిక్ కన్వర్టర్ పీకెయ్యడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం.

స్పోర్ట్స్ కారు మా ఇంట్లో లేదు కదా అనుకుంటున్నారా? ఇప్పుడొచ్చే ఎలక్ట్రిక్ ఫ్యామిలీ కార్లు కొన్ని ఐదు సెకన్లలోపే 60 మైళ్ళు అందుకుంటున్నాయి. మా మియాటాకి అంతకంటే ఎక్కువే పడుతుంది. పైగా వాటి బరువు దీనికి దాదాపు రెట్టింపు. కూరగాయలకి వెళ్ళే కారుకే ఇంత బలం వచ్చాక, టైర్లూ బ్రేకులూ అందరి సమస్యే. 60 మైళ్ళ వేగంలో కారు సెకనుకి 88 అడుగులు పోతుంది. ఫోను వంక రెండు సెకన్లు చూస్తే 176 అడుగులు కళ్ళు మూసుకుని నడిపినట్టే.

ఈ శనివారం కాఫీ అయ్యాక, మీ పిల్లల్ని వెంటబెట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళండి. నాలుగు టైర్ల మీద తయారీ తేదీ చదివించండి. చల్లగా ఉన్నప్పుడే గాలి కొలిచి, డ్రైవర్ తలుపు అంచున అతికించిన కాగితంలోని అంకెతో పోల్చమనండి. బానెట్ ఎత్తి బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా చూపించి, అది ఎన్నేళ్ళ కిందటిదో సర్వీసు కాగితాల్లో వెతికించండి. మాన్యువల్ చెప్పిన గడువు దాటితే, లేదా ఎప్పుడు మార్చారో కాగితాల్లో దొరక్కపోతే, సోమవారమే మెకానిక్‌కి ఫోన్ చెయ్యండి. అరగంట పని. పిల్లలు పదహారేళ్ళ లోపు వాళ్ళయితే మరీ మంచిది. తాళంచెవులు చేతికొచ్చే ముందే, కారు ఎలా ఆగుతుందో తెలుసుకున్నవాళ్ళవుతారు.